కణ సంధులు ఎపిథీలియంను ఎలా తీర్చిదిద్దుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

డెవలప్‌మెంటల్ బయాలజీ చదివేవాళ్ల నుంచి కణ సంధుల (సెల్ జంక్షన్ల, అంటే పక్కపక్క కణాలు కలిసే అతుకుల) మీద ఏటా దాదాపు ఇవే సందేహాలు వస్తుంటాయి. జంక్షన్ల రకాల పట్టిక అందరికీ నోటికి వచ్చు. పిండంలో అవి ఎప్పుడు వస్తాయి, ఎప్పుడు పోతాయి, వచ్చి ఏం చేస్తాయి అని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. అసలు విషయం అక్కడే ఉంది కాబట్టి ప్రశ్నలను పిండం ఎదిగే క్రమంలో పేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ముందుగా తెలియాల్సినవి

పక్కపక్కన ఉన్న కణాలన్నీ ఎపిథీలియమేనా?

కాదు. కణాలు మధ్యలో సందు లేకుండా ఒకదాన్నొకటి పట్టుకుని పరుచుకుని ఉండాలి. ప్రతి కణానికీ పైవైపు వేరు, కిందివైపు వేరు అనే తేడా ఉండాలి. పేగు కణాన్నే తీసుకుంటే దాని పైవైపు ఆహారం వైపు, కిందివైపు రక్తనాళాల వైపు తిరిగి ఉంటాయి. ఆ కిందివైపున ఆధార త్వచం అనే పలచటి ప్రొటీన్ పొర ఉండాలి. చర్మం పైపొర, మూత్రపిండంలోని నాళికలు, ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడలు, లాలాజల గ్రంథులు అన్నీ ఇలా కట్టినవే. దీనికి పూర్తిగా ఎదురు మీసెంకైమ్. అక్కడ కణాలు విడివిడిగా, ఎటు కావాలంటే అటు కదిలేలా ఉంటాయి. పిండంలో ఒకే వంశానికి చెందిన కణాలు ఈ రెండు స్థితుల మధ్య అటూ ఇటూ మారడం మామూలే. ఆ మార్పు మొదట బయటపడేది సంధుల దగ్గరే.

జంక్షన్లు ఎన్ని రకాలు? గుర్తుండేలా చెప్పండి.

వెన్నెముక ఉన్న జంతువుల ఎపిథీలియంను పక్కనుంచి చూస్తే పైనుంచి కిందికి ఒక వరుస కనిపిస్తుంది. అన్నిటికంటే పైన టైట్ జంక్షన్. క్లాడిన్, ఆక్లూడిన్ వంటి ప్రొటీన్లు రెండు కణాల పొరలను దాదాపు ఆనించేసి, కణాల మధ్యలోంచి నీళ్లు, లవణాలు ఎంత పోవాలో నిర్ణయిస్తాయి. దాని కింద అడ్హెరెన్స్ జంక్షన్. ఇందులో బయట కాడెరిన్, లోపల కెటెనిన్లు అనే ప్రొటీన్లు, వాటి వెనక కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ తంతువులు ఉంటాయి. ఇంకాస్త కింద డెస్మోసోమ్, దాని వెనక గట్టి కెరాటిన్ తంతువులు. ఈ మూడింటి వరుసను 1963లో మెరిలిన్ ఫార్కర్, జార్జ్ పలాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్పష్టంగా చూపించారు. వీటికి తోడు పక్క కణంలోకి చిన్న అణువులు పోయే దారులుగా గ్యాప్ జంక్షన్లు, కింద ఆధార త్వచాన్ని పట్టుకునే హెమీడెస్మోసోమ్‌లు ఉంటాయి.

పట్టికలో ఇవన్నీ ఒకేసారి ఉన్నట్టు కనిపిస్తాయి. పిండంలో అలా ఉండదు. ఒక్కొక్కటీ ఒక్కో సమయంలో వస్తుంది, అవసరం తీరాక కొన్నిచోట్ల పోతుంది కూడా.

జంక్షన్ అంటే కణాలను అతికించే జిగురే కదా?

అతికించడం దాని పనుల్లో ఒకటి, అంతే. జిగురు ఒకసారి పట్టుకుంటే అలాగే ఉండిపోతుంది. జంక్షన్ అలా కాదు. కణం తన ఇ-కాడెరిన్ (ఎపిథీలియంలో ఎక్కువగా ఉండే కాడెరిన్ రకం) అణువులను ఎప్పటికప్పుడు లోపలికి లాక్కుంటుంది. కొన్నింటిని ముక్కలు చేసేస్తుంది, కొన్నింటిని మళ్లీ పైకి పంపుతుంది. ఒక్కో అణువు ఆయుష్షు కొన్ని గంటలే.

ఇంకో సంగతి, జంక్షన్ బలాన్ని పసిగడుతుంది. కాడెరిన్ తోకకు బీటా-కెటెనిన్, దానికి ఆల్ఫా-కెటెనిన్, దానికి ఆక్టిన్ తగులుకుని ఉంటాయి. ఆక్టిన్ గట్టిగా లాగితే ఆల్ఫా-కెటెనిన్‌లో మడతపడి ఉన్న ఒక భాగం విప్పుకుంటుంది. దానికి కావాల్సిన బలం 5 పికోన్యూటన్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే కొద్దిపాటి మయోసిన్ (ఆక్టిన్‌ను లాగే ప్రొటీన్) అణువులు కలిసి లాగినా చాలు. విప్పుకున్న చోట వింకులిన్ అనే ప్రొటీన్ వచ్చి కూర్చుని ఇంకొన్ని ఆక్టిన్ తంతువులను తెచ్చి కలుపుతుంది. లాగేకొద్దీ పట్టు పెరుగుతుందన్న మాట. పొరలు చిరగకుండా మడతపడటం సాధ్యమయ్యేది ఈ గుణం వల్లనే. ఈ మొత్తం అంశంలో ఒక్కటే నేర్చుకునే టైమ్ ఉంటే దీన్నే నేర్చుకోమంటాను.

కాల్షియం తీసేస్తే కణాలు ఎందుకు విడిపోతాయి?

కాడెరిన్ బయటి భాగంలో వరసగా ఐదు ముక్కలుంటాయి. ప్రతి రెండు ముక్కల మధ్యా మూడేసి కాల్షియం అయాన్లు కూర్చుంటేనే అది నిటారుగా నిలిచి ఎదుటి కణం కాడెరిన్‌ను అందుకోగలదు. కాల్షియం లేకపోతే వదులై వాలిపోతుంది.

ల్యాబ్‌లో దీన్ని చూడటానికి ఎక్కువగా వాడేది ఎండీసీకే కణాలు. 1958లో మాడిన్, డార్బీ ఒక కుక్క మూత్రపిండం నుంచి వీటిని పెంచారు. డిష్‌లో ఇవి సన్నటి గీతల్లాంటి సరిహద్దులతో ఒకే పొరగా ఉంటాయి. కాల్షియం లేని ద్రవం పోస్తే ఆ గీతలు కాసేపట్లోనే వదులవుతాయి, మధ్యలో సందులు తెరుచుకుంటాయి, కణాలు గుండ్రంగా ముడుచుకుంటాయి. కాల్షియం తిరిగి వేయగానే మొదట కాడెరిన్లు కలుస్తాయి. టైట్ జంక్షన్లు పూర్తిగా బిగుసుకోవడానికి గంటలు పడుతుంది. బాగా ముదిరిన డెస్మోసోమ్‌లు మాత్రం కాల్షియం తీసేసినా పట్టు వదలవు.

కలిపేసినా కణాలు తమవాళ్లను ఎలా వెతుక్కుంటాయి?

1907లో హెచ్.వి. విల్సన్ స్పంజికను సన్నటి గుడ్డలోంచి పిండి కణాలుగా విడగొడితే అవి మళ్లీ కలిసి స్పంజికగా మారాయి. 1955లో టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ ఉభయచర పిండాల కణాలను విడదీసి కలగలిపారు. చర్మం కాబోయే కణాలు బయటికి, నాడీ కణజాలం కాబోయేవి లోపలికి సర్దుకున్నాయి. దీని వెనక ఉన్న అణువులను కనిపెట్టింది మసతోషి టకేయిచి. కాల్షియం మీద ఆధారపడే ఈ ప్రొటీన్లకు కాడెరిన్లు అని పేరు పెట్టింది ఆయనే. ఒకే రకం కాడెరిన్ ఉన్న కణాలు ఎక్కువగా తమలో తాము కలుస్తాయి.

రకం ఒక్కటే కాదు, మోతాదూ ముఖ్యమే. ఒకే కాడెరిన్ ఎక్కువగా ఉన్న కణాలు మధ్యకు, తక్కువగా ఉన్నవి చుట్టూ చేరతాయి. మాల్కమ్ స్టైన్‌బర్గ్ ప్రతిపాదించిన ఈ ఆలోచనకు తర్వాత ఇంకొకటి చేరింది. కణం ఉపరితలం మీద ఆక్టిన్, మయోసిన్ కలిగించే టెన్షన్ కూడా ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది.

## తొలి రోజులు

క్షీరదాల పిండంలో మొట్టమొదటి ఎపిథీలియం ఏది?

ట్రోఫెక్టోడెర్మ్. తర్వాత మాయ ఏర్పడటంలో పాలుపంచుకునే బయటి పొర ఇదే.

ఎలుక పిండం ఎనిమిది కణాల దశకు వచ్చేదాకా కణాలు గుండ్రంగా, విడివిడిగా లెక్కపెట్టేలా ఉంటాయి. రెండున్నర రోజుల వయసులో, కొన్ని గంటల వ్యవధిలో, అవి ఒకదాని మీదికి ఒకటి చదునుగా ఒరిగిపోతాయి. మధ్య గీతలు కంటికి ఆనవు. పిండం మొత్తం ఒక్క ముద్దలా కనిపిస్తుంది. దీన్నే కంపాక్షన్ అంటారు. ఇ-కాడెరిన్‌ను అడ్డుకునే యాంటీబాడీ వేసినా, కాల్షియం తగ్గించినా ఇది జరగదు. మనిషి పిండంలో ఇది కాస్త ఆలస్యంగా, సాధారణంగా ఎనిమిది నుంచి పదహారు కణాల మధ్య మొదలవుతుంది.

చాలామంది కాడెరిన్లే కణాలను దగ్గరకు లాగుతాయనుకుంటారు. కొలిచి చూస్తే లాగే బలంలో ఎక్కువ భాగం కణాల బయటి ఉపరితలం మీద మయోసిన్ కలిగించే టెన్షన్ నుంచి వస్తోందని తేలింది. కాడెరిన్ చేసేది రెండు పనులు. కణాలను కలిపి పట్టుకుంటుంది, ఆ కలిసిన చోట టెన్షన్ తగ్గేలా చూస్తుంది.

ఇ-కాడెరిన్ జన్యువు లేని ఎలుక పిండంలో కూడా కంపాక్షన్ జరుగుతుందంటారు. మరి అది ముఖ్యం కాదా?

ముఖ్యమే. అండంలో తల్లి నిల్వ చేసి పంపిన ఇ-కాడెరిన్ ఉంటుంది. పిండం సొంత జన్యువు పాడైనా ఆ నిల్వతో కంపాక్షన్ దాటేస్తుంది. నిల్వ తరిగాక మాత్రం నిలబడలేదు. ట్రోఫెక్టోడెర్మ్ సరిగా ఏర్పడదు, పిండం గర్భాశయంలో కుదురుకునే దశకే ఆగిపోతుంది. తల్లి నిల్వను తీసేసి తండ్రి జన్యువును మాత్రం మంచిది ఉంచిన ప్రయోగంలో కథ తిరగబడింది. మొదట కణాలు దగ్గరకు రాలేదు, తండ్రి జన్యువు పనిలోకి దిగాక కలిశాయి.

బ్లాస్టోసిస్ట్ లోపల నీళ్లు ఎలా చేరతాయి?

బ్లాస్టోసిస్ట్ అంటే లోపల నీళ్లు నిండిన బంతిలాంటి తొలి పిండం. బయటి కణాల కింది, పక్క పొరల్లో ఉండే సోడియం-పొటాషియం పంపు సోడియంను లోపలికి తోస్తుంది, దాని వెనక నీళ్లు వస్తాయి. టైట్ జంక్షన్లు బిగుసుకోకపోతే వచ్చింది వచ్చినట్టే కారిపోతుంది. కాబట్టి పంపు, సీలు రెండూ ఒకే సమయానికి సిద్ధం కావాలి.

నీళ్లు చేరే తీరు కూడా చూడాల్సిందే. ఒత్తిడి పెరిగిన ద్రవం కణాల మధ్య కాడెరిన్ అతుకులను అక్కడక్కడ చీలుస్తుంది. ముందు వందల కొద్దీ చిన్న చిన్న నీటి బుడగలు పుడతాయి. తర్వాత చిన్నవాటిలోని నీరు పెద్దవాటిలోకి పోయి చివరికి ఒక్కటే మిగులుతుంది. అతుకు బలహీనంగా ఉన్న వైపు ఆ ఒక్కటి స్థిరపడే అవకాశం ఎక్కువ. పిండానికి మొదటి దిక్కు అలా ఏర్పడుతుంది.

తను లోపల ఉందో బయట ఉందో కణానికి ఎలా తెలుస్తుంది?

లోపలి కణానికి అన్నివైపులా పొరుగు కణాలే. బయటి కణానికి ఒకవైపు ఖాళీ. ఆ ఖాళీ వైపు దానికి ప్రత్యేకమైన పైభాగం ఏర్పడుతుంది. యాంజియోమోటిన్ అనే ప్రొటీన్ బయటి కణాల్లో ఆ పైభాగానికి వెళ్లి ఊరుకుంటుంది. లోపలి కణాల్లో అడ్హెరెన్స్ జంక్షన్ల దగ్గరే ఉండిపోయి హిప్పో అనే సంకేత వ్యవస్థను ఆన్ చేస్తుంది. అప్పుడు వైఏపీ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి పోలేదు. బయటి కణాల్లో వైఏపీ కేంద్రకంలోకి వెళ్లి సీడీఎక్స్2 జన్యువును పనిలో పెడుతుంది, ఆ కణాలు ట్రోఫెక్టోడెర్మ్ అవుతాయి. కణం ఎక్కడుంది అనే సమాచారాన్ని అది ఏం కావాలి అనే నిర్ణయంగా మార్చేది ఇక్కడ జంక్షన్లే.

పోలారిటీ (కణం పైవైపు, కిందివైపు తేడా) ముందా, జంక్షన్ ముందా?

జంతువును బట్టి, దశను బట్టి జవాబు మారుతుంది. పండు ఈగ పిండంలో పొర ఏర్పడేటప్పుడు పార్-3 ప్రొటీన్ ముందు పైఅంచుకు చేరుతుంది, అడ్హెరెన్స్ జంక్షన్ ఎక్కడ కూర్చోవాలో అది చూపిస్తుంది. ఎలుక పిండంలో పక్క కణాన్ని తాకిన చోటును బట్టి దానికి ఎదురు వైపు పైభాగం అవుతుంది. ఒకసారి మొదలయ్యాక రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి. పైభాగాన్ని క్రంబ్స్, పార్ అనే ప్రొటీన్ బృందాలు, కింది భాగాన్ని స్క్రిబుల్ అనే ప్రొటీన్ బృందం కాపాడతాయి. ఒకదాని హద్దులోకి ఇంకొకటి రాకుండా తోసేసుకుంటాయి.

## పొర మడతపడే దశ

చదునైన పొర గొట్టంగా ఎలా మారుతుంది?

ఎక్కువ సందర్భాల్లో కణాల పైముఖం కుంచించుకుపోవడం వల్ల. అడ్హెరెన్స్ జంక్షన్ల వలయానికి లోపలివైపు ఆక్టిన్, మయోసిన్ అల్లుకుని ఉంటాయి. మయోసిన్ లాగితే సంచి మూతి తాడు లాగినట్టు కణం పైభాగం ముడుచుకుంటుంది. కణం లోపలి ద్రవం ఎక్కడికీ పోదు కాబట్టి కింది భాగం ఉబ్బుతుంది. పక్కపక్కన వందల కణాలు ఇలా పైన సన్నగా, కింద వెడల్పుగా మారితే పొర వంగక తప్పదు.

పండు ఈగ పిండంలో, ఫలదీకరణ జరిగిన సుమారు మూడు గంటలకు, కడుపు వైపున ఒక పొడవాటి గాడి ఇలాగే పడుతుంది. లైవ్ ఇమేజింగ్‌లో చూస్తే మయోసిన్ ఒకే ఊపున లాగదు. కొన్ని పదుల సెకన్లు లాగి వదులుతుంది, మళ్లీ లాగుతుంది. వదిలినప్పుడు కణం పూర్తిగా వెనక్కి సాగిపోకుండా, అంతవరకు కుంచించుకున్నదాన్ని అలాగే పట్టి ఉంచే ఏర్పాటు ఉంటుంది. ట్విస్ట్ అనే జన్యువు లేకపోతే పట్టి ఉంచడం కుదరదు. స్నెయిల్ లేకపోతే ఆ లాగుడే మొదలుకాదు. జంక్షన్లను బలహీనపరిస్తే మయోసిన్ లాగుతూనే ఉంటుంది గానీ కణం అంచు మాత్రం కదలదు. లాగే శక్తి, దాన్ని అంచుకు చేర్చే పట్టు రెండు వేర్వేరు విషయాలని ఇంత స్పష్టంగా చూపించే ప్రయోగం ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

పొర చిరగకుండానే కణాలు పొరుగువాళ్లను ఎలా మార్చుకుంటాయి?

నాలుగు కణాలు ఊహించుకోండి. ఎ, బి పక్కపక్కన ఉన్నాయి, వాటి మధ్య సరిహద్దు నిలువుగా ఉంది. ఆ సరిహద్దుకు పైన సి, కింద డి. ఈ రెండూ ఒకదాన్నొకటి తాకడం లేదు. నిలువు సరిహద్దు మీద మయోసిన్ పోగవుతుంది, కాడెరిన్ తగ్గుతుంది. సరిహద్దు కుంచించుకుంటూ చివరికి ఒక చుక్క అవుతుంది. నాలుగు కణాలూ ఆ చుక్క దగ్గర కలుస్తాయి. తర్వాత ఆ చుక్క అడ్డంగా సాగి సి, డిల మధ్య కొత్త సరిహద్దు అవుతుంది. ఎ, బి దూరం జరుగుతాయి. ఎక్కడా సందు పడలేదు, ఏ కణమూ కొత్తగా పుట్టలేదు. అయినా పొర అడ్డంగా పొడవైంది, నిలువుగా సన్నబడింది.

పండు ఈగ పిండంలో శరీరం కాబోయే పట్టీ ఈ పద్ధతిలోనే రెండు రెట్లకు పైగా పొడవవుతుంది. కొన్నిసార్లు నాలుగు కాదు, ఐదారు లేదా ఇంకా ఎక్కువ కణాలు ఒకే చుక్క దగ్గర కలిసి ఆ తర్వాత విడిపోతాయి.

అన్ని కణాలూ ఒకే దిక్కుకు తిరిగి ఉండటం ఎలా కుదురుతుంది?

దీన్ని ప్లేనార్ పోలారిటీ అంటారు. పండు ఈగ రెక్క మీద ప్రతి కణం నుంచి ఒక చిన్న వెంట్రుక లేస్తుంది, అన్నీ రెక్క కొన వైపే చూస్తాయి. ప్రతి కణంలో కొన వైపు సరిహద్దులో ఫ్రిజిల్డ్, మొదలు వైపు సరిహద్దులో వాన్ గాగ్ అనే ప్రొటీన్లు చేరతాయి. ఈ రెంటినీ పక్క కణంతో కలిపేది ఫ్లమింగో, ఇదీ కాడెరిన్ కుటుంబానికి చెందినదే. ఎలుకలో వాన్ గాగ్ జన్యువుకు సమానమైన వాంగెల్2 రెండు ప్రతుల్లోనూ పాడైతే నాడీ నాళం (మెదడు, వెన్నుపాము కాబోయే గొట్టం) చాలా మేరకు తెరుచుకునే ఉండిపోతుంది.

గాస్ట్రులేషన్‌లో (పిండం మూడు పొరలుగా సర్దుకునే దశలో) కొన్ని కణాలు పొర వదిలి వెళ్లిపోతాయి కదా. జంక్షన్లు ఏమవుతాయి?

స్నెయిల్ కుటుంబ ప్రొటీన్లు ఇ-కాడెరిన్ జన్యువును అణిచేస్తాయి. ఉపరితలం మీద ఉన్న కాడెరిన్‌ను కణం లోపలికి లాక్కుంటుంది, కింద ఆధార త్వచం తెగుతుంది, కణం కిందికి జారి మీసెంకైమ్‌గా మారుతుంది. మధ్యస్త్వచం (మీసోడెర్మ్ అనే మధ్య పొర) ఇలాగే పుడుతుంది. నాడీ నాళం అంచుల నుంచి బయల్దేరే న్యూరల్ క్రెస్ట్ కణాలూ ఇదే దారి పడతాయి. ఇది స్విచ్ వేసినంత తేలిగ్గా జరిగిపోదు. చాలా కణాలు సగం పట్టు ఉంచుకుని గుంపుగా కదులుతాయి, గమ్యం చేరాక మళ్లీ జంక్షన్లు కట్టుకునేవీ ఉన్నాయి.

నాడీ నాళం మూసుకోకపోవడానికి కారణం జంక్షన్లేనా?

ఒక కారణం కావచ్చు, ఒకే కారణం కాదు. మనిషిలో నాడీ నాళం ఫలదీకరణ తర్వాత సుమారు 28 రోజులకల్లా మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిందనే తెలియదు. ఈ మూసివేతకు కణాల పైముఖం ముడుచుకోవాలి. ష్రూమ్3 అనే ప్రొటీన్ మయోసిన్‌ను లాగించే ఎంజైమును జంక్షన్ల దగ్గరకు తెస్తుంది. ఎలుకలో ష్రూమ్3 లేకపోతే పుర్రె, మెదడు తెరుచుకునే ఉంటాయి. పొర అడ్డంగా సన్నబడాలి, అంచులు కలిసి అతుక్కోవాలి, కణ విభజనలు సమయానికి జరగాలి. వీటిలో ఏది తప్పినా స్పైనా బైఫిడా (వెన్నెముక పూర్తిగా మూసుకోకపోవడం) వంటి లోపాలు రావచ్చు. గర్భం దాల్చకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలని చెప్పేది ఈ ప్రమాదం తగ్గించడానికే. ఇంతకుముందు ఇలాంటి లోపం ఉన్న బిడ్డ పుట్టినవాళ్లకు మోతాదు వేరుగా ఉంటుంది, డాక్టరును అడగాలి.

ఇ-కాడెరిన్ పోయి ఎన్-కాడెరిన్ ఎందుకు వస్తుంది?

నాడీ నాళం కాబోయే కణాలు ఎన్-కాడెరిన్‌కు మారతాయి, పైన చర్మం కాబోయేవి ఇ-కాడెరిన్‌తోనే ఉంటాయి. నాళం మూసుకున్నాక చర్మం పొర నుంచి అది శుభ్రంగా విడిపోవడానికి ఈ తేడా తోడ్పడుతుంది.

## గొట్టాలు, కొమ్మలు, అవయవాలు

గట్టి ముద్ద లోపల ఖాళీ ఎలా పుడుతుంది?

ఎండీసీకే కణాన్ని ఒక్కదాన్ని జెల్‌లో పెంచితే కొద్ది రోజుల్లో నడిమి బోలుగా ఉన్న గుండ్రటి బంతి తయారవుతుంది. ఆ ఖాళీ మొదలయ్యే చోటు మొదటి విభజనలోనే ఖరారవుతుంది. రెండు కణాలు విడిపోతూ చివరగా కలిసి ఉన్న బిందువు దగ్గరకే పైభాగపు ప్రొటీన్లు సంచుల్లో వచ్చి చేరతాయి. చుట్టూ టైట్ జంక్షన్లు కట్టుకుంటాయి, మధ్యలోకి ద్రవం వస్తుంది. లోపలి కణాలు చనిపోవడం వల్లే ఖాళీ వస్తుందని పుస్తకాల్లో చదివినవాళ్లు దాన్ని అన్నిచోట్లకూ వర్తింపజేయొద్దు. కొన్ని అవయవాల్లోనే అలా జరుగుతుంది.

జీబ్రాఫిష్ అనే చిన్న చేప పేగులో మొదట చిన్న చిన్న ఖాళీలు చాలా పుడతాయి. క్లాడిన్-15 అయాన్లను పోనిస్తేనే తగినంత ద్రవం చేరి అవన్నీ ఒకే గొట్టంగా కలుస్తాయి. అది లేని చేప పిల్లల్లో పేగు లోపల ఒకటికి బదులు పలు ఖాళీలు మిగిలిపోతాయి. టైట్ జంక్షన్ మూత మాత్రమే అనుకునేవాళ్లు ఈ ఉదాహరణ గుర్తుంచుకోవాలి.

విడి కణాలు కలిసి కొత్తగా ఎపిథీలియం కట్టుకోగలవా?

కట్టుకోగలవు. మూత్రపిండమే మంచి ఉదాహరణ. యురెటెరిక్ బడ్ అనే గొట్టం నుంచి డబ్ల్యూఎన్‌టీ9బి సంకేతం వస్తే చుట్టూ ఉన్న మీసెంకైమ్ కణాలు గుమిగూడి డబ్ల్యూఎన్‌టీ4 తయారుచేస్తాయి. కాడెరిన్లు పెరుగుతాయి, పోలారిటీ వస్తుంది, చిన్న బోలు బుడగ ఏర్పడుతుంది. అది వంకర తిరిగి, పొడవై నెఫ్రాన్ (రక్తాన్ని వడపోసే నాళిక) అవుతుంది. మనిషికి ఒక్కో కిడ్నీలో సగటున పది లక్షల దాకా నెఫ్రాన్లు ఇలా పుడతాయి. గర్భం 36 వారాలు నిండేసరికి ఈ తయారీ ముగుస్తుంది.

లాలాజల గ్రంథి కొమ్మలు ఎలా వేస్తుంది?

మొగ్గ బయటి వరుస కణాల్లో ఇ-కాడెరిన్ తక్కువ, ఆధార త్వచాన్ని పట్టుకునే ఇంటెగ్రిన్ పట్టు ఎక్కువ. లోపలి కణాల్లో ఇ-కాడెరిన్ ఎక్కువ. బయటి వరుస త్వచాన్ని పట్టుకుని విస్తరిస్తుంది, చోటు చాలక లోపలికి మడతపడుతుంది. ఆ మడతే చీలిక, ఒక మొగ్గ రెండవుతుంది. కెన్నెత్ యమడా బృందం 2021లో ఇదే సూత్రంతో, మామూలుగా కొమ్మలు వేయని కణాల చేత కూడా మొగ్గలు వేయించింది.

గ్యాప్ జంక్షన్లు ఎదుగుదలలో ఏం చేస్తాయి?

కనెక్సిన్ అనే ప్రొటీన్లు ఆరు కలిస్తే సగం దారి, రెండు కణాల సగాలు కలిస్తే పూర్తి దారి. దాదాపు 1000 డాల్టన్ల లోపు అణువులు దాని గుండా పోగలవు. కంటి కటకంలో రక్తనాళాలు ఉండవు, లోపలి కణాలు ఈ దారుల మీదే బతుకుతాయి. కనెక్సిన్ 46, 50 జన్యువుల్లో లోపముంటే పుట్టుకతోనే శుక్లాలు రావచ్చు. లోపలి చెవిలోని సహాయక కణాలకు కనెక్సిన్ 26 కావాలి. దాని జన్యువులో మార్పులు చాలా జనాభాల్లో పుట్టు చెవుడుకు ముఖ్యమైన జన్యు కారణం.

## ఏర్పడిన పొర నిలబడటం

చర్మం మీద ఎలాగూ చచ్చిన కణాల పొర ఉంది. కింద టైట్ జంక్షన్లు ఎందుకు?

ఆ పొర ఒక్కటే సరిపోదు. క్లాడిన్-1 లేని ఎలుక పిల్లలు పుట్టిన ఒక్క రోజులోనే ఒంట్లో నీళ్లు ఆవిరైపోయి చనిపోతాయి. చర్మం చూడటానికి మామూలుగానే పొరలు పొరలుగా ఉంటుంది. 2002లో షోయిచిరో సుకిటా బృందం చూపించేదాకా చర్మంలో టైట్ జంక్షన్లకు ఇంత పని ఉందని చాలామంది అనుకోలేదు.

డెస్మోసోమ్‌లు పాడైతే ఏమవుతుంది?

డెస్మోప్లాకిన్, డెస్మోగ్లైన్, ప్లాకోగ్లోబిన్ డెస్మోసోమ్‌లోని ప్రొటీన్లు. డెస్మోప్లాకిన్ లేని ఎలుక పిండం గర్భాశయంలో కుదురుకున్న కొద్దికాలానికే చనిపోతుంది. పెద్దయ్యాక వచ్చే పెంఫిగస్ వల్గారిస్‌లో మన శరీరమే డెస్మోగ్లైన్-3 మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. కణాలు ఊడిపోయి నోట్లో, చర్మం మీద బొబ్బలు లేస్తాయి. ప్లాకోగ్లోబిన్ లోపం వల్ల వచ్చే నాక్సోస్ వ్యాధిలో ఉంగరాల జుట్టు, అరచేతుల్లో మందపు చర్మంతో పాటు గుండె కండరం కూడా దెబ్బతింటుంది. లాగుడు ఎక్కువగా ఉండే చోటే డెస్మోసోమ్ లోటు ముందు తెలుస్తుంది.

కణం విభజన చెందేటప్పుడు పొరకు చిల్లు పడదా?

పడదు. కణం గుండ్రంగా మారి పైవైపుకు జరుగుతుంది గానీ పొరుగు కణాలతో జంక్షన్లను వదలదు. రెండుగా కోసే వలయం కిందినుంచి పైకి ముడుచుకుంటూ వస్తుంది, జంక్షన్ల దగ్గర ఆగుతుంది. ఆ నొక్కులోకి పక్క కణాల అంచులు కూడా లాగబడతాయి. తర్వాత పిల్ల కణాలు వాటిని వెనక్కి నెట్టి తమ మధ్య కొత్త సరిహద్దు కట్టుకుంటాయి. ఆ సరిహద్దు పొడవెంత ఉండాలన్నది పొరుగు కణాలు ఎంత గట్టిగా లాగుతున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది.

కణాలు మరీ ఎక్కువైపోతే?

కొన్నింటిని పొర బయటికి నెట్టేస్తుంది. జీబ్రాఫిష్ రెక్క అంచుల్లో, కణాలు కిక్కిరిసిన చోట బతికున్న కణాలే బయటికి పోతాయని 2012లో జోడీ రోజెన్‌బ్లాట్ బృందం చూపించింది. చుట్టూ ఉన్న కణాలు ఆక్టిన్ వలయం కట్టి, కింద మూసుకుంటూ దాన్ని పైకి తోస్తాయి. అందుకే సందు మిగలదు. కిక్కిరిసిపోయిందని గుర్తించేది పీజో1 అనే అయాన్ చానల్. పొర బాగా సాగినప్పుడు విభజన జరిపించేదీ అదే.

ఇ-కాడెరిన్ పోతే క్యాన్సర్ వస్తుందా?

దాని జన్యువు సీడీహెచ్1లో వారసత్వంగా లోపం ఉన్న కుటుంబాల్లో ఒక రకం కడుపు క్యాన్సర్, రొమ్ములో లోబ్యులర్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. కానీ ప్రతి క్యాన్సరూ ఇ-కాడెరిన్ పోగొట్టుకుని పాకదు. చాలా రొమ్ము క్యాన్సర్లు దాన్ని ఉంచుకునే గుంపులుగా వ్యాపిస్తాయి.

## ప్రయోగాల మీద సందేహాలు

పండు ఈగలో టైట్ జంక్షన్లు లేవంటారు. మరి దాని ఫలితాలు మనకెలా పనికొస్తాయి?

కీటకాల్లో సీలు వేసే పని సెప్టేట్ జంక్షన్లు చేస్తాయి. అవి అడ్హెరెన్స్ జంక్షన్‌కు కింద ఉంటాయి, మనలో టైట్ జంక్షన్ పైన ఉంటుంది. అయినా సెప్టేట్ జంక్షన్లలో క్లాడిన్ కుటుంబ ప్రొటీన్లు ఉన్నాయి. కాడెరిన్, కెటెనిన్లు, మయోసిన్, పార్ బృందం రెండు చోట్లా ఒకే పని చేస్తాయి. కాబట్టి పొర మడతపడటం, కణాలు చోటు మార్చుకోవడం గురించి పండు ఈగలో తేలింది చాలావరకు వర్తిస్తుంది. సీలు గురించి మాత్రం యథాతథంగా తీసుకోకూడదు.

జంక్షన్ మీద టెన్షన్ ఎంత ఉందో ఎలా తెలుసుకుంటారు?

ఎక్కువగా లేజర్‌తో కోసి చూస్తారు. ఒక సరిహద్దును మధ్యలో తెంపగానే దాని రెండు కొనలు ఎంత వేగంగా దూరం జరుగుతాయో కొలుస్తారు. టెన్షన్ ఎక్కువుంటే వేగం ఎక్కువ. అయితే ఆ వేగం చుట్టూ ఉన్న పదార్థం చిక్కదనం మీద కూడా ఆధారపడుతుంది. అందుకే ఒకే పిండంలో, ఒకే దశలో రెండు సరిహద్దులను పోల్చడానికి ఇది నమ్మకమైనదే గానీ, ఎలుకలో వచ్చిన అంకెను పండు ఈగలో వచ్చిన అంకెతో నేరుగా పోల్చకూడదు. పరిశోధన పత్రాలు చదివేటప్పుడు కోసిన తర్వాత మొదటి కొద్ది సెకన్ల కొలతలనే చూడండి. ఆ తర్వాత కణం గాయాన్ని బాగుచేసుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు కనిపించే కదలిక టెన్షన్‌ది కాదు.